తానే చూసి రాసిన కాగితం

జీడిమెట్ల, పాశమైలారం, పరవాడ, పైడిభీమవరం లాంటి చోట్ల మందుల కంపెనీల్లో షట్‌డౌన్ రోజులొస్తే రియాక్టర్లను, అంటే రసాయనాలు కలిపి మరిగించే పెద్ద పాత్రలను, ఖాళీ చేస్తారు. కడిగి, మూత తీసి, లోపలికి మనిషిని దించుతారు. గాజుపూత ఎక్కడైనా పెచ్చు లేచిందా, సరుకును కలిపే అజిటేటర్ రెక్కలు నిలకడగా ఉన్నాయా, అడుగున గట్టిపడిన సరుకు మిగిలిందా అని చూడాలి. కెమెరా దించి చూడగలిగినవాటిని ఇప్పుడు కెమెరాతోనే చూస్తున్నారు. మిగతా పనికి మనిషి దిగాల్సిందే. లోపల నిలువెత్తుకు మించిన లోతు, పైన భుజాలు మాత్రమే పట్టే రంధ్రం, మ్యాన్‌హోల్. మొన్నటిదాకా అందులో టోలుయీనో మెథనాలో, ఏదో ఒక సాల్వెంట్ (ద్రావకం) మరిగింది. దిగినవాడు తన కాళ్లమీద తాను పైకి రావాలి. ఆ రాకకు కావలసిన ఏర్పాటంతా అతను దిగకముందే చేసిపెట్టే ఉద్యోగి సేఫ్టీ ఆఫీసరు.

బయటివాళ్లు చూసే సేఫ్టీ ఆఫీసరు వేరు. హెల్మెట్ ఏదని కేకలేస్తాడు, గోడలమీద నినాదాలు రాయిస్తాడు, మార్చి 4న జాతీయ భద్రతా దినోత్సవం నాడు అందరిచేతా ప్రతిజ్ఞ చేయిస్తాడు. అవీ అతని పనులే. కానీ అతని పనితనం తెలియాలంటే ఒక్క పర్మిట్‌ను, అంటే లోపలికి దిగే పనికి రాసిచ్చే అనుమతి కాగితాన్ని, మొదలుపెట్టిన దగ్గర్నుంచి మూసేదాకా, అతని వెనకాలే నడుస్తూ చూడాలి. మన పరిశ్రమల్లో ఇంత నిశితమైన పని, ఇంత తక్కువమంది కళ్లబడే పని మరొకటి లేదని నా నమ్మకం. ఇప్పుడు ఈ ఉద్యోగంలోకి అమ్మాయిలూ వస్తున్నారు. నేను ‘అతను’ అన్నచోటల్లా ‘ఆమె’ అని చదువుకున్నా ఒక్క అక్షరం మార్చనక్కర్లేదు.

ఏడు దశాబ్దాలకు పైగా మన కర్మాగారాలను నడిపించిన 1948 ఫ్యాక్టరీల చట్టంలో 36వ సెక్షన్ చెప్పింది ఈ పని గురించే. ట్యాంకులోకి గానీ తొట్టిలోకి గానీ గొయ్యిలోకి గానీ మనిషిని పంపాలంటే, అర్హత ఉన్న వ్యక్తి తానే స్వయంగా పరీక్ష చేసి, లోపల ప్రమాదకరమైన వాయువు లేదని కాగితం మీద రాసివ్వాలి. లేదంటే దిగేవాడు శ్వాస పరికరం పెట్టుకుని, నడుముకు బెల్టు కట్టుకుని, ఆ బెల్టు తాడు కొసను బయట ఒక మనిషి పట్టుకుని ఉండాలి. ఎవరో చూశారట, బాగానే ఉందట అన్నమాట చెల్లదు. సంతకం పెట్టే చేయీ, మీటరు పట్టే చేయీ ఒక్కటే కావాలని చట్టం ఉద్దేశం. మంచి సేఫ్టీ ఆఫీసరు చేసే పనంతా ఈ ఒక్క షరతును అక్షరాలా పాటించడం నుంచే పుడుతుంది.

అందుకే అతను ఆఫీసులో కూర్చుని పర్మిట్ రాయడు. డ్రాయింగ్ చేత్తో పట్టుకుని రియాక్టర్ చుట్టూ తిరుగుతాడు. సాల్వెంట్ లైన్, నైట్రోజన్ లైన్, వ్యాక్యూమ్ లైన్, జాకెట్‌లోకి స్టీమూ బ్రైనూ, పైన వెంట్ లైన్, కింద డ్రెయిన్. ఒక్కో పైపును వేలితో ముట్టుకుంటూ అది ఎక్కడినుంచి వస్తోందో అక్కడిదాకా వెళ్లి చూస్తాడు. డ్రాయింగ్‌లో లేని పైపు ఒకటి బయటపడటం అరుదేమీ కాదు. ఏ బ్యాచ్ కోసమో తాత్కాలికంగా వేసి, తీయడం మరిచిపోయిన గొట్టం అది. కాగితంలో లేనిదాన్ని కాగితం చూసి మూయలేం. అతను నడిచి చూసేది అందుకే.

వెంట్ లైన్ దగ్గర ఇంకాస్త సేపు నిలబడతాడు. నాలుగైదు రియాక్టర్ల వెంట్‌లు హెడర్ అనే ఒకే పెద్ద గొట్టంలో కలిసి, ఆవిరిని కడిగే స్క్రబ్బర్‌కు పోతుంటాయి. ఈ రియాక్టర్ ఖాళీ, నిజమే. పక్క రియాక్టర్‌లో బ్యాచ్ నడుస్తోంది. దాని ఆవిరి హెడర్ ఎక్కి, ఈ ఖాళీ రియాక్టర్లోకి వెనక్కి దిగవచ్చు. ఆవిరి ఎప్పుడూ పైకే పోతుందని నమ్మేవాడికి ఈ దారి తట్టదు.

దారులన్నీ లెక్కతేలాక వాటిని మూయించాలి. వాల్వ్ తిప్పి మూశాం సార్ అంటారు. వాల్వ్ అతను ఒప్పుకోడు. ఏళ్ల తరబడి తిరిగిన వాల్వ్ మూసినా కొంచెం కొంచెం పాస్ అవుతూనే ఉంటుంది. ఫ్లాంజి విప్పి, రెండు ముఖాల మధ్య ఉక్కుబిళ్ల దూర్చి, బోల్టులు బిగించాలి. దాన్నే బ్లైండ్ అంటారు. లేదా ఆ పైపు ముక్కనే ఊడదీసి పక్కన పెట్టాలి. ప్రతి బ్లైండ్‌కూ ఒక నంబరు ట్యాగు, పర్మిట్‌లో అదే నంబరు. వేసినవి ఎన్నో, పని అయ్యాక తీసినవి అన్నే ఉండాలి.

ఈ ఉక్కుబిళ్ల విలువ తెలియనివాళ్లకు భోపాల్ విషవాయువు దుర్ఘటనను గుర్తుచేయాలి. 1984 డిసెంబరు 2 రాత్రి మిథైల్ ఐసోసయనేట్ ట్యాంకులోకి నీళ్లు చేరాయి. పైపులు కడిగిన నీళ్లే అలా పోయాయనీ, కడిగేముందు వేయాల్సిన స్లిప్ బ్లైండ్ వేయలేదనీ కార్మికులు చెప్పారు. కంపెనీ ఒప్పుకోలేదు, ఎవరో కావాలని నీళ్లు పెట్టారంది. ఆ వాదన ఎటు తేలినా, ట్యాంకును చల్లగా ఉంచే రిఫ్రిజిరేషన్ ఆపేసి ఉందన్నదీ, వాయువును మండించాల్సిన ఫ్లేర్ టవర్ విప్పిపెట్టి ఉందన్నదీ రుజువైన విషయాలు. ఆ తర్వాతే 1987లో మన చట్టంలోకి ప్రమాదకర ప్రక్రియల మీద కొత్త అధ్యాయం వచ్చింది. ప్రాణాపాయం ముంచుకొస్తోందని కార్మికుడికి తోస్తే, ఆ సంగతి నేరుగా గానీ సేఫ్టీ కమిటీలోని ప్రతినిధుల ద్వారా గానీ యాజమాన్యానికీ, అదే సమయంలో ఇన్‌స్పెక్టర్‌కూ చెప్పే హక్కు అందులోని 41-హెచ్ సెక్షన్ ఇచ్చింది.

పైపులయ్యాక కరెంటు. అజిటేటర్ మోటారు ఫ్యూజులు తీయించి, స్విచ్చుకు తాళం వేయిస్తాడు. ఆ తాళంచెవి సేఫ్టీ ఆఫీసు టేబుల్ మీదికి వెళ్లదు. లోపలికి దిగేవాడి జేబులోకి వెళ్తుంది. ఇద్దరు దిగితే రెండు తాళాలు. తాళం పడ్డాక రియాక్టర్ దగ్గరికి వచ్చి స్టార్ట్ బటన్ నొక్కి చూస్తాడు. తిరగకూడదు. పక్క మోటారు ఫ్యూజు తీసి ఇదే అనుకున్న పొరపాటు ఆ ఒక్క నొక్కుతో బయటపడుతుంది.

ఇక గ్యాస్ పరీక్ష. ఈ ఉద్యోగపు నైపుణ్యం చిక్కగా ఉండేది ఇక్కడే. కాబట్టి నిదానంగా చెప్తాను.

అరచేతిలో పట్టే మీటరు నాలుగు అంకెలు చూపిస్తుంది. ఆక్సిజన్ ఎంత శాతం, మండే ఆవిరి ఎంత, కార్బన్ మోనాక్సైడ్ ఎంత, హైడ్రోజన్ సల్ఫైడ్ ఎంత. పొద్దున్నే దానికి చిన్న సిలిండర్‌లోని తెలిసిన గ్యాస్ పట్టించి, అది సరిగ్గా పలుకుతోందో లేదో చూసుకుంటాడు. బంప్ టెస్ట్ అంటారు. చచ్చిపోయిన సెన్సరు కూడా సున్నానే చూపిస్తుంది. అందువల్ల బంప్ టెస్ట్ చేయని మీటరులో సున్నా కనబడితే అతనికి ధైర్యం రాదు, అనుమానం వస్తుంది.

ముందు ఆక్సిజన్ చదవాలి, తర్వాత మండే ఆవిరి, ఆ తర్వాత విషవాయువులు. ఈ వరసను ప్రతి శిక్షణలోనూ బట్టీ పట్టిస్తారు. ఎందుకో తెలిసిన ఆఫీసరు మాత్రం దాన్ని ప్రాణంగా చూసుకుంటాడు. మండే ఆవిరిని పట్టే మామూలు సెన్సరు, ఆ ఆవిరిని తన లోపల రవ్వంత మండించి కొలుస్తుంది. మండాలంటే ఆక్సిజన్ కావాలి. మందుల కంపెనీ రియాక్టర్లలో నిప్పు పుట్టకుండా నైట్రోజన్ నింపి ఉంచుతారు. అలాంటి రియాక్టర్లో సాల్వెంట్ ఆవిరి దండిగా ఉన్నా సెన్సరు దాన్ని మండించలేదు, తక్కువ అంకె చూపిస్తుంది. ముందుగా ఆక్సిజన్ చూడనివాడికి రెండో అంకెను నమ్మాలో వద్దో తెలిసే దారే లేదు.

బయటి గాలిలో ఆక్సిజన్ 20.9 శాతం. 19.5 కంటే తగ్గితే దిగకూడదు. 23.5 దాటినా దిగకూడదు, బట్టలు కూడా భగ్గున అంటుకుంటాయి. ఇంతవరకూ ఎవరైనా చెప్తారు. మీటరు 20.2 చూపించినప్పుడు ఏం చేస్తాడన్నదాన్ని బట్టి నేను సేఫ్టీ ఆఫీసరును అంచనా కడతాను. రూలు ప్రకారం దిగవచ్చు. మంచి ఆఫీసరు అక్కడ ఆగిపోతాడు. ఆ 0.7 ఎక్కడికి పోయింది? గాలిలో ఆక్సిజన్ అయిదో వంతు మాత్రమే. అది 0.7 తగ్గిందంటే లోపలి గాలిలో 3 శాతానికి పైగా వేరే ఏదో వచ్చి చేరింది. 3 శాతమంటే 30 వేల పీపీఎం, అంటే పది లక్షల పాళ్లలో 30 వేల పాళ్లు. ఆ చేరినది నైట్రోజన్ అయితే ఒక మాట, సాల్వెంట్ ఆవిరి అయితే చావు. ఏదో తేలేదాకా అతను మనిషిని దించడు. అంకె హద్దులోనే ఉందని తృప్తిపడకుండా, అంకె ఎందుకు కదిలిందని అడిగే ఈ బుద్ధిని ఏ సర్టిఫికెట్టూ ఇవ్వలేదు.

రెండో అంకెలోనూ ఇలాంటి చిక్కే ఉంది. మండే ఆవిరిని ఎల్‌ఈఎల్ శాతంలో చూపిస్తారు. గాలిలో ఏ మోతాదు చేరితే నిప్పురవ్వకు అంటుకుంటుందో దాన్ని 100 అనుకుని, అందులో ఎంత శాతానికి వచ్చామన్న లెక్క ఇది. టోలుయీన్‌కు ఆ మోతాదు దాదాపు 1.1 శాతం, అంటే 11 వేల పీపీఎం. మీటరు ‘5’ చూపిస్తే మంట భయానికి ఇంకా చాలా దూరంలో ఉన్నాం. కానీ అందులో అయిదు శాతమంటే 550 పీపీఎం. ప్రాణానికీ ఆరోగ్యానికీ తక్షణ ప్రమాదమని అమెరికాలోని నియోష్ సంస్థ టోలుయీన్‌కు పెట్టిన హద్దు 500. మంటకు భయం లేని చోట ఊపిరికి భయం ఉంది. ఈ తేడా తెలిసిన ఆఫీసరు ఎల్‌ఈఎల్ మీటరుతో సరిపెట్టుకోడు. ఆ సాల్వెంట్‌ను పీపీఎంలో కొలిచే మరో పరికరం తెప్పిస్తాడు, అది లేకపోతే డిటెక్టర్ ట్యూబు వాడతాడు.

ముక్కును నమ్మే సీనియర్లు ప్రతి ప్లాంటులోనూ ఒకరిద్దరుంటారు. వాసన రావట్లేదు కదా సార్ అంటారు. నైట్రోజన్‌కు వాసన ఉండదు, కార్బన్ మోనాక్సైడ్‌కూ ఉండదు. హైడ్రోజన్ సల్ఫైడ్ కొద్దిగా ఉన్నప్పుడు కుళ్లిన కోడిగుడ్డు వాసన వేస్తుంది. 100 పీపీఎం దాటాక ముక్కు మొద్దుబారిపోయి ఆ వాసనే తెలియదు. వాసన ఆగిపోతే గాలి బాగుపడిందనుకుంటాడు మనిషి.

మీటరును మ్యాన్‌హోల్ దగ్గర పెట్టి చూడటం పరీక్ష కాదు. గొట్టం తగిలించి పైన, మధ్యన, అడుగున మూడు ఎత్తుల్లో గాలి లాగాలి. మీథేన్ గాలికంటే తేలిక, పైన చేరుతుంది. హైడ్రోజన్ సల్ఫైడ్ బరువు, కిందికి దిగుతుంది. టోలుయీన్ ఆవిరి గాలికి మూడు రెట్లు బరువు, అడుగునే పరుచుకుంటుంది. ప్రతి ఎత్తులోనూ గొట్టం పొడవును బట్టి ఆగాలి. లోపలి గాలి గొట్టమంతా ప్రయాణం చేసి మీటరును చేరాలి, తర్వాత సెన్సరు తేరుకుని అంకె చెప్పాలి. తొందరగా గొట్టం కిందికి జార్చేవాడు, అడుగున నిలబడి పై గాలి అంకె చదువుతుంటాడు. అక్కడ గడియారం చూసుకుంటూ కదలకుండా నిలబడే ఆ రెండు మూడు నిమిషాలు చూడటానికి ఏమీ ఉండవు. ఈ ఉద్యోగంలో నాకు అన్నిటికన్నా గౌరవం కలిగించేవి అవే.

ఒక్క ఎత్తులో చూసి మొత్తం తెలిసిందనుకోవడం ఎంత దూరం తీసుకెళ్తుందో విశాఖపట్నం చూసింది. 2020 మే 7 తెల్లవారుజామున ఎల్‌జీ పాలిమర్స్‌లో స్టైరీన్ ట్యాంకు వేడెక్కి, ఆవిరి ఆర్‌ఆర్ వెంకటాపురం మీద పడింది. 12 మంది చనిపోయారు. ఆ ట్యాంకులో ఉష్ణోగ్రత కొలిచే సాధనం అడుగుభాగంలోనే ఉందనీ, పై పొరల్లో వేడి పెరుగుతున్న సంగతి అది చెప్పలేకపోయిందనీ రాష్ట్ర ప్రభుత్వం వేసిన ఉన్నతస్థాయి కమిటీ తేల్చింది. అంతకు కొన్ని నెలల ముందు పైపుల అమరికలో చేసిన మార్పు వల్ల లోపల సరుకు సరిగా కలవలేదని కూడా చెప్పింది. అడుగున అంకె బాగానే ఉంది. ప్రమాదం పైన ఉంది.

పల్లెల్లో పాడుబావిలో దిగేముందు దీపం దించి చూసే పద్ధతి మనకు ఉంది. ఊపిరికి చాలినంత గాలి లేనిచోట దీపమూ నిలవదు. ఆ పెద్దల తెలివికి దండం పెట్టాల్సిందే. ఆ దీపం కార్బన్ మోనాక్సైడ్‌ను మాత్రం పట్టలేదు. బావిలో డీజిల్ ఇంజను దించి నీళ్లు తోడి, ఇంజను ఆపగానే దిగినవాళ్లు ఎందరో తిరిగి రాలేదు. దీపం వెలుగుతూనే ఉండగా మనిషి కూలిపోతాడు. మండే ఆవిరి ఉన్నచోట ఆ దీపమే ప్రమాదం. సింగరేణి లాంటి బొగ్గుగనుల్లో గ్యాస్ చూసేవాళ్లకు ప్రత్యేకంగా పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇచ్చేది, చూడటం కూడా నేర్చుకోవాల్సిన విద్య కాబట్టే.

ఇన్ని చూశాక పర్మిట్ మీద కలం పడుతుంది. చాలా ప్లాంట్లలో పర్మిట్ ఇచ్చేది ప్రొడక్షన్ వాళ్లు, తీసుకునేది మెయింటెనెన్స్ వాళ్లు, గ్యాస్ అంకెలు రాసి సంతకం చేసేది సేఫ్టీ. ఒకే పేజీలో ముప్పై నలభై గళ్లుంటాయి. వర్తిస్తుంది, వర్తించదు అని టిక్కులు పెట్టాలి. పనికిమాలిన ఆఫీసరు ఆ గళ్లన్నీ ఒక్క ఊపులో పైనుంచి కిందికి ‘వర్తించదు’ అని గీసేస్తాడు. 2005 నవంబరులో అమెరికాలో డెలావేర్ సిటీ రిఫైనరీలో నైట్రోజన్ నింపిన రియాక్టర్ దగ్గర కాంట్రాక్టు కార్మికులకు ఇచ్చిన పర్మిట్‌లో, నైట్రోజన్ ఉందా అన్న గడిలో ‘వర్తించదు’ అని ఉంది. లోపల పడి ఉన్న టేపు చుట్టను తీయబోయి ఒకతను లోపల కుప్పకూలి ఉంటాడని దర్యాప్తు చేసిన కెమికల్ సేఫ్టీ బోర్డు భావించింది. అతన్ని తీయడానికి ఇంకొకతను దిగాడు. ఇద్దరూ చనిపోయారు. ఆక్సిజన్ దాదాపు లేని గాలిని ఒకటి రెండు సార్లు పీల్చినా చాలు, కేక వేసే వ్యవధి కూడా ఉండదు. ఆ పర్మిట్‌లో ఒక్క టిక్కు సరిగ్గా పడి ఉంటే లోపల నైట్రోజన్ ఉందని ఆ కాగితమే వాళ్లకు చెప్పేది.

దిగే కుర్రాడితో మాట్లాడటం అన్నిటికన్నా సున్నితమైన పని. సేఫ్టీ ఆఫీసర్ల నిబంధనల్లో ఇంజినీరింగ్ డిగ్రీ, పరిశ్రమ భద్రతలో డిప్లొమా, అనుభవం అంటూ అర్హతలు రాసి, వాటితో సమానంగా ఇంకొకటి పెట్టారు. ఆ ప్రాంతంలో ఎక్కువమంది కార్మికులు మాట్లాడే భాష బాగా వచ్చి ఉండాలి. ఈ షరతు రాసినవాళ్లెవరో గానీ ఈ పని ఆనుపానులు తెలిసినవాళ్లు. ఇప్పుడు మన పారిశ్రామికవాడల్లో కార్మికులు ఒడిశా నుంచీ, బిహార్ నుంచీ, జార్ఖండ్ నుంచీ వస్తున్నారు. 2025 జూన్ 30న పాశమైలారంలో సిగాచి కర్మాగారం పేలిపోయి 50 మందికి పైగా చనిపోయినప్పుడు, వాళ్లలో చాలామంది పరరాష్ట్రాలవాళ్లే. పర్మిట్ ఇంగ్లీషులో, మేస్త్రీ కేకలు తెలుగులో, దిగే పిల్లవాడికి వచ్చింది ఒడియా. అందువల్ల మంచి ఆఫీసరు హిందీ, నాలుగు ముక్కలు ఒడియా నేర్చుకుంటాడు.

అర్థమైందా అని అడగడు. అర్థమైంది సార్ అనే జవాబు తప్ప మరొకటి రాదని అతనికి తెలుసు. “తమ్ముడూ, లోపల నీకు తల తిరిగినట్టయితే ఏం చేస్తావు?” అని అడుగుతాడు. “మీటరు మోగితే సామాను ఎక్కడ పెడతావు?” అంటాడు. సామాను సర్దుకుని వస్తాను సార్ అని కుర్రాడు చెప్తే, అక్కడ మళ్లీ మొదలుపెడతాడు. “పడేసి రావాలిరా. సుత్తి పోతే కొత్త సుత్తి కొంటారు.” రాత్రి నిద్రపోయావా, జ్వరమేమైనా ఉందా, ఇంతకుముందు దిగావా అని కూడా అక్కడే కనుక్కుంటాడు. మొదటిసారి దిగేవాడు భయం చెప్పుకోడు. మ్యాన్‌హోల్‌లోకి కాలు పెట్టేముందు వాడి చేతులు నిచ్చెనను ఎంత గట్టిగా పట్టుకున్నాయో చూసి, వాడిని వెనక్కి పిలిచి ఇంకొకరిని దించే ఆఫీసర్లున్నారు. ఆ నిర్ణయానికి కాగితం మీద గడి ఏదీ లేదు.

బయట నిలబడే మనిషి గురించి అతనికి ఉన్నంత పట్టుదల మరి దేని గురించీ ఉండదు. హోల్ వాచ్ అంటారు, స్టాండ్‌బై అంటారు. మ్యాన్‌హోల్ వదిలి కదలకూడదు, టీకి వెళ్లకూడదు, స్పానరు తెమ్మంటే తేకూడదు. లోపలివాడితో మాట్లాడుతూ ఉండాలి. ముఖ్యంగా, లోపలివాడు పడిపోతే తాను దిగకూడదు. అలారం కొట్టాలి, హార్నెస్‌కు కట్టిన తాడును ట్రైపాడ్ విన్చి మీద తిప్పి పైకి లాగాలి. వినడానికి సులువు. కళ్లముందు తోటివాడు, కొన్నిసార్లు సొంత తమ్ముడో బావమరిదో, కుప్పకూలితే కాళ్లు ఆగవు. ఇరుకుచోట్లలో చనిపోయినవాళ్లలో 60 శాతానికి పైగా కాపాడబోయినవాళ్లేనని నియోష్ 1986లో హెచ్చరించింది. ప్రేమకొద్దీ దిగుతారు, అదే గాలి పీలుస్తారు. అందుకని మంచి ఆఫీసరు హోల్ వాచ్‌కు నోటితో చెప్పి వదలడు. పని మొదలుకాకముందే డమ్మీని కట్టి అతనిచేతే విన్చి తిప్పిస్తాడు. ఇలా లాగవచ్చని చేతులకు అలవాటైతే, ఆ క్షణంలో కాళ్లను చేతులు ఆపుతాయి.

దిగాక కూడా పరీక్ష ముగియదు. గట్టిపడిన సరుకును గీకుతుంటే అందులో ఇరుక్కున్న ఆవిరి విడుదలవుతుంది. పొద్దున 9 గంటలకు శుభ్రంగా ఉన్న గాలి 11కి అలా ఉండనక్కర్లేదు. అందుకే దిగినవాడి ఛాతీమీద ఒక మీటరు ఆన్‌లోనే ఉంటుంది, బ్లోయర్ ఆగకుండా తిరుగుతుంది. బ్లోయర్ గాలి ఎక్కడినుంచి లాగుతోందో కూడా చూడాలి. దాని నోటి పక్కనే లారీ ఇంజను ఆన్ చేసి ఉంటే, పొగను పైపు వేసి లోపలికి పంపినట్టే. తగిన రక్షణ సాధనాలు లేనిదే లోపలికి దించే దీపం 24 వోల్టులకు మించకూడదని ఫ్యాక్టరీల చట్టంలో 36-ఏ సెక్షన్ చెప్పింది. భోజనాలకు పైకి వచ్చి తిరిగి దిగేటప్పుడు అంకెలన్నీ మళ్లీ మొదటినుంచి చూడాలి. విసుగు పుట్టే పని. ఆ విసుగును దగ్గరికి రానివ్వకపోవడమే వీళ్ల ప్రతిభ.

షిఫ్టు మారే వేళ ఇంకో గండం. 1988 జూలై 6న ఉత్తర సముద్రంలో పైపర్ ఆల్ఫా చమురు వేదిక మీద ఒక పంపుకు చెందిన సేఫ్టీ వాల్వ్‌ను పరీక్షకని విప్పి, ఆ చోట బిళ్ల బిగించి పెట్టారు. సాయంత్రానికి పని కాలేదు. వాల్వ్‌కు ఒక పర్మిట్, పంపు మరమ్మతుకు వేరే పర్మిట్. రాత్రి రెండో పంపు ఆగిపోతే, షిఫ్టువాళ్లకు పంపు పర్మిట్ ఒక్కటే కనిపించింది. మరమ్మతు మొదలుకాలేదు కదా అని ఆ పంపును నడిపారు, వాల్వ్ విప్పిన చోట వాయువు కారి పేలింది. 167 మంది చనిపోయారు. విచారణ చేసిన లార్డ్ కలెన్ 106 సిఫార్సులు చేశారు, అవన్నీ ఆమోదం పొందాయి. అక్కడ పర్మిట్లు లేకపోలేదు. ఒక పర్మిట్‌కు ఇంకో పర్మిట్ ఉన్నట్టు తెలియలేదు. అందుకే మన ఆఫీసరు ఆరింటికి బ్యాగు సర్దుకోడు. తెరిచి ఉన్న పర్మిట్లు ముందు పరుచుకుని, రాత్రి షిఫ్టు ఇన్‌చార్జిని తీసుకుని రియాక్టర్ దాకా వెళ్లి, బ్లైండ్‌లూ తాళాలూ చేత్తో ముట్టి చూపించి అప్పజెప్తాడు.

వద్దు అని చెప్పడం కూడా ఒక కళే. బ్యాచ్ ఆలస్యమవుతోంది, ఆర్డరు పోతుంది, మీటరు అంకె 19.4 దగ్గరుంది, పాయింటు ఒక్కటేగా అంటారు. చేతకాని ఆఫీసరు రూల్ బుక్ విసురుతాడు, లేదంటే తల వంచి సంతకం పెడతాడు. సమర్థుడు, “బ్లోయర్ ఇంకొకటి పెట్టండి, నైట్రోజన్ లైన్ బ్లైండ్ మళ్లీ విప్పి గాస్కెట్ చూడండి, అరగంటలో నేనే వచ్చి చూస్తాను” అంటాడు. చేయాల్సిన పని చెప్తాడు, తాను అక్కడే ఉంటాడు. ఆ అరగంట చివర అంకె మారకపోతే మళ్లీ వద్దంటాడు. నిబంధనలు అతనికి ఈ బలం ఇవ్వాలనే చూశాయి. సేఫ్టీ ఆఫీసరు కర్మాగారం పెద్ద కింద నేరుగా పనిచేయాలి, అతనికి సీనియర్ అధికారి హోదా ఉండాలి, భద్రతకు అడ్డొచ్చే వేరే పనులేవీ అతనికి అప్పగించకూడదు. వాడుకలో చాలాచోట్ల ప్రొడక్షన్ మేనేజర్ కింద పెడతారు, క్యాంటీన్ బిల్లులూ గేటు పాసులూ చూడమంటారు. తనను ఆపాల్సినవాణ్ణి తన కిందే పెట్టుకోవడం ఏ మేనేజర్‌కైనా హాయిగానే ఉంటుంది. ఇది మారాలి.

ఈ దారిలోకి రావాలనుకునే పిల్లల కోసం కొద్దిగా. 1976 సవరణతో చట్టంలోకి వచ్చిన 40-బి సెక్షన్, వెయ్యిమంది పనిచేసే కర్మాగారానికి సేఫ్టీ ఆఫీసరు ఉండాలంది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత కోడ్ ఆ సంఖ్యను 500కూ, ప్రమాదకర ప్రక్రియలున్నచోట 250కీ తెచ్చింది. గల్ఫ్‌కు వెళ్లాలనుకునే మన కుర్రాళ్లు బ్రిటన్‌కు చెందిన నెబోష్ సర్టిఫికెట్ తెచ్చుకుంటున్నారు. మంచిదే. సర్టిఫికెట్ గేటు తెరుస్తుంది. ఆ తర్వాత ఒక ఏడాది ఏ పాత ఫిట్టరు వెంటనో తిరిగి, పైపులు ముట్టుకుని, బ్లైండ్‌లు బిగించి చూసినవాడికే 20.2 దగ్గర ఆగాలని తడుతుంది.

ఇది చదువుతున్నవాళ్లలో ఫ్యాక్టరీ గేటు దాటనివాళ్లే ఎక్కువ ఉంటారు. అయినా బావులూ సెప్టిక్ ట్యాంకులూ మన ఊళ్లలో, మన ఇళ్లలోనే ఉన్నాయి. సెప్టిక్ ట్యాంకు శుభ్రం చేయడానికి రక్షణ ఏర్పాట్లు లేకుండా మనిషిని దించడం, చేతులతో పాకీపనిని నిషేధించిన 2013 చట్టం ప్రకారం నేరం. యంత్రాన్నే పిలవండి. పాడుబావిలో పూడిక తీయించాలంటే ఇంజను బావిలోకి దించకండి, పైనే ఉంచండి, గ్యాస్ చూసేవాళ్లు వచ్చేదాకా ఎవరినీ దించకండి. లోపల ఎవరైనా పడిపోతే వాళ్లు మీకు ఎంత దగ్గరివాళ్లైనా మీరు దిగకండి, పక్కవాళ్లను దిగనివ్వకండి. వెంటనే 101కి ఫోన్ చేసి, లోపల మనిషి ఉన్నాడని, శ్వాస పరికరాలతో రమ్మని చెప్పండి.